నింగమ్మ గోదాములో డబ్బాలూ గీతలూ

నింగమ్మ అబద్ధం ఆడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆమె చెప్పిన నిజాలను నమ్ముకునే నేను నిండా మునిగాను. అడిగినదానికి అడిగినంతే చెబుతుంది. మనం తప్పుగా అడిగితే ఆ తప్పుకు సరిగ్గా అతికే జవాబిచ్చి, తమలపాకు నములుతూ మన మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది.

రాయచూరులో తీన్ కందిల్ దగ్గరి సందులో రంగనాయకులు టెంట్ హౌస్ అని ఒకటుంది. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ షామియానాలు, జంఖానాలు, వంటగిన్నెలు అద్దెకిచ్చే దుకాణం. ముందు గదిలో సావుకారి కూర్చుంటాడు, వెనక గోదాములో నింగమ్మ ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. అరవై దాటిన మనిషి, ఎత్తు నాలుగున్నర అడుగులు. తనే లోపల పట్టేంత పెద్ద వంట డేగిసాలను కాలితో తోస్తూ దొర్లించుకుపోతుంది. చదువు రాదు. వేలి కణుపుతో గిన్నె మీద ఒక్కసారి కొట్టి, ఆ చప్పుడు విని, "ఇది కవితాళ ఊర్ల పెండ్లిల సొట్టబడ్డది" అని చెబుతుంది.

ఒకసారి ఒక వంటమేస్త్రీ మంచి ఇత్తడి జల్లిగంటె ఉంచుకుని, దాని బదులు రేకుది వెనక్కి పంపాడట. నింగమ్మ ఎవరితోనూ గొడవ పడలేదు. ఆ మేస్త్రీ వండుతున్న తర్వాతి పెళ్ళికి శుభ్రంగా చీర కట్టుకుని వెళ్ళింది. బంతిలో కూర్చుని రెండుసార్లు వడ్డింపించుకుని తిన్నది. వంటశాలలోకి పోయి, భోజనం బ్రహ్మాండంగా ఉందని మేస్త్రీని మెచ్చుకుని, జల్లిగంటెను కొంగు కింద పెట్టుకుని వచ్చేసింది. మేస్త్రీ ఈ రోజుకీ ఆ మాట ఎత్తడు.

పెద్ద సావుకారి రంగనాయకులు పోయాక దుకాణం ఆయన కొడుకు మహాంతేశ్ చేతికి వచ్చింది. మహాంతేశ్ మా వీధివాడు, నాకు వరసకు అన్న అవుతాడు. హుబ్బళ్ళిలో ఎంబీఏ చదివి వచ్చాడు. "మనిషి మీద నడిచే ధందా ధందా కాదు హేమా. సిస్టమ్ మీద నడవాలె. రేపు నింగవ్వకు జ్వరమొస్తే నా దుకాణానికి జ్వరమొచ్చినట్టేనా?" అన్నాడు. మాటలో తప్పు లేదు. సామాను రాకపోకలు చూసుకునే కంప్యూటరు ప్రోగ్రాము చేయించాలనుకున్నాడు. అది మొదలైన రోజునుంచి నింగమ్మ ఇంట్లో కూర్చోవచ్చునని ఆమెకూ మొహం మీదే చెప్పాడు. అంటే, నా పని పూర్తయిన రోజు ఆమె పని పోతుందని మా ముగ్గురికీ తెలుసు. నాకు మొదటి పని దొరికిన సంబరంలో అదేమీ తప్పనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా పని ఏమిటో కూడా చెప్పాలి. నేను బిజినెస్ అనలిస్టును. వ్యాపారికి కంప్యూటరు తెలియదు, ప్రోగ్రాము రాసేవాళ్ళకు వ్యాపారం తెలియదు. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఇద్దరికీ అర్థం కాని బొమ్మ గీసేవాళ్ళను అలా పిలుస్తారు. ఆ బొమ్మ చూసి ప్రోగ్రాము రాసేది బెంగళూరులో ఉన్న నా స్నేహితురాలు మేఘ. బొమ్మ పేరు ఎంటిటీ రిలేషన్‌షిప్ డయాగ్రం. పేరు విని భయపడనక్కరలేదు, అందులో ఉండేవి డబ్బాలూ గీతలూ. దుకాణం గుర్తు పెట్టుకోవలసిన ప్రతిదానికీ ఒక డబ్బా: అద్దెకు తీసుకునే గిరాకీ ఒకటి, గిన్నె ఒకటి, బుకింగు ఒకటి. ఏ డబ్బాకు ఏ డబ్బాతో సంబంధమో చెప్పేది గీత. ఒక గిరాకీ ఎన్ని బుకింగులైనా చేయవచ్చు కాబట్టి బుకింగు వైపు గీత చివర మూడు పాయలుగా చీలుతుంది. దాన్ని మా వాళ్ళు కాకికాలు అంటారు.

ఆ కాకికాలే నింగమ్మతో నా మొదటి తగువు. గోదాము గుమ్మంలో పీట వేసుకుని కాగితం మీద గీస్తున్నాను, ఆమె పైనుంచి తొంగిచూసింది.

"ఇదేందే బిడ్డా?"

"కాకికాలు అవ్వా. ఒకటికంటె ఎక్కువున్నయని గుర్తు."

"పెండ్లి సామాన్ల కాకికాలు గీస్తవా? బుద్ధున్నదా నీకు?"

"కంప్యూటర్ల గిట్లనే గీస్తరవ్వా."

"కంప్యూటర్ల ఎవరు పిండం పెట్టిండ్రే, కాకొచ్చి వాలింది?" అని, తడి చేతితో కాగితాన్ని ఒక్క తుడుపు తుడిచింది. మళ్ళీ మొదటినుంచి గీసుకున్నాను.

ఆ తర్వాత ఆమెను ప్రశ్నలడిగాను. ప్రశ్నలడగడం మాకు నేర్పిస్తారు, నాకు సర్టిఫికెట్టు కూడా ఉంది.

"డేగిసా బయటికి పోతే పుస్తకంల రాస్తరా అవ్వా?"

"పెండ్లికి పోతే రాస్తరు. గృహప్రవేశానికి పోతే రాస్తరు. బిడ్డను తొట్లెల ఏసే పండుగకు పోతే రాస్తరు."

అంతవరకు చెప్పి ఆగింది. ఆకు నములుతూ నా వైపే చూసింది. నేను 'అన్నీ రాస్తారు' అని రాసుకున్నాను. ఆమె నా తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నదని నాకు తట్టలేదు.

"పోయిన సామాను మల్ల గోదాముకే వస్తదా?"

"రాకెక్కడ పోతది?"

ప్రతి బుకింగుకూ ఒక గిరాకీ పేరు, ఒక తిరిగొచ్చే తేదీ ఉండి తీరాలని రాసుకున్నాను. పేరు లేనిదే, తేదీ లేనిదే గిన్నె గడప దాటదు. నాలుగు రోజుల్లో బొమ్మ తయారైంది. మహాంతేశ్ దాన్ని రంగుల్లో అచ్చు తీయించి, అద్దం కట్టించి, లక్ష్మీదేవి పటం కింద మేకు కొట్టి తగిలించాడు. కొన్నవి పన్నెండు పెద్ద డేగిసాలని పాత రసీదుల్లో ఉంది. అందులోనుంచి పుస్తకంలో బయటికి పోయినట్టు రాసినవి తీసేసి, మిగిలినవి గోదాములో ఉన్నాయని కంప్యూటరుకు చెప్పాం. లోపలికి వెళ్ళి లెక్కపెట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. బొద్దింకలుంటాయని నేను గుమ్మం దాటలేదు, చొక్కా మాసిపోతుందని మహాంతేశ్ దాటలేదు.

ప్రోగ్రాము మొదలైన రోజు నింగమ్మ తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. గోడ మీది బొమ్మను తీరిగ్గా చూసింది.

"మంచిగున్నదే బిడ్డా, ముగ్గు లెక్క," అని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున పదింటికి శ్రీరాములు గారి టెంపో వచ్చింది. ఆయన కవితాళ దగ్గర కాలువ కింద వరి పండించే, కోస్తానుంచి వచ్చిన రైతు. సూగురేశ్వరుడి మొక్కు ఉందని కూతురి పెళ్ళి ఆయన గుడి ఉన్న దేవసూగూరులో పెట్టుకున్నారు. సాయంత్రం విందుకు ఎనిమిది పెద్ద డేగిసాలు కావాలని ముందే చెప్పారు. కంప్యూటరులో తొమ్మిది ఉన్నాయి. గోదాములో ఆరే ఉన్నాయి.

"ఏవండీ మహాంతేశు గారూ, ఎనిమిదన్నారు, ఆరే ఉన్నాయేంటండీ?"

మహాంతేశ్ ధీమాగా తెర ఆయన వైపు తిప్పాడు. "చూడండి సార్, తొమ్మిదున్నయి."

శ్రీరాములు గారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి, తెర మీది అంకెను శ్రద్ధగా చూశారు. "ఉన్నాయండీ. బానే ఉన్నాయి. మరి పప్పు ఇందులోనే పెట్టించేయమంటారా?"

మహాంతేశ్ నాకు ఫోను చేశాడు. నేను వెళ్ళేసరికి గోదామంతా తిరగేసి, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. చొక్కా నిజంగానే మాసిపోయింది. "ముసల్ది పోతపోత మూడు ఎత్తుకపోయింది. పోలీసు కంప్లెయింటిస్త," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కో డేగిసా ఇద్దరు మనుషులు మోయాల్సినంత బరువు. అరవై ఏళ్ళ మనిషి మూడింటిని కొంగు కింద పెట్టుకుని పోయిందా అని అడిగి, ఆటో ఎక్కి మావినకెరె చెరువు దగ్గర ఉన్న నింగమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్నది. తల కూడా ఎత్తలేదు.

"మూడు తక్కువొచ్చినయా?"

"నీకు ముందే ఎర్కనా అవ్వా?"

"ఎర్కే. మహాంతేశు నన్ను దొంగదన్నడా?"

"పోలీసు కంప్లెయింటిస్తనంటున్నడవ్వా," అన్నాను. రొట్టె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది. అంతవరకు ఈ వ్యవహారం నాకు ఒక తప్పు లెక్క మాత్రమే. ఆ చెయ్యి ఆగినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

"సచ్చిన ఇంటికి పోతే రాయరు బిడ్డా," అంది. "పెండ్లిండ్లు రాసే పుస్తకంల చావు రాస్తరా? ఇంట్ల ఎవరన్న పోతే ఒక మనిషి మన ఎనక తలుపుకాడికొచ్చి నిలబడ్తడు. ముందర్నుంచి రాడు. ఏం మాట్లాడడు. మనం ఏ ఊరని అడగొద్దు, ఎవరు పోయిండ్రని అడగొద్దు, ఎప్పుడిస్తవని అసలే అడగొద్దు. ఒక డేగిసా, ఒక గంగాళం, ఒక జంఖానా ఇచ్చి పంపాలె. అద్దె లేదు. దినాలైనంక వాండ్లే కడిగి తెచ్చి ఎనకతలుపుకాడ పెట్టిపోతరు. గిప్పుడు మూడిండ్లల్ల మూడున్నయి."

"మరి నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"నువ్వు పెండ్లి పుస్తకం గురించి అడిగినవ్. కాయితం మీద కాకికాలు గీసిన పిల్లవు, చావు సంగతి అడుగుతవని సూస్తనే ఉన్న. నువ్వు అడగలే." కళ్ళల్లో కొంటెతనం ఒక్క క్షణం మెరిసి పోయింది. "నా పని తీసేటందుకొచ్చిన దానికి నేనే అందిచ్చి చెప్పాల్నా ఏంది?"

ఆమె రొట్టె పెనం మీద వేసి, మిగతాది తనే చెప్పింది. ఆమె భర్త రంగప్ప పత్తి మార్కెట్టులో హమాలీ. మూట మీదపడి పోయాడు. ఇంట్లో నలుగురికి వండే గిన్నె కూడా లేదు, వాకిట్లో వచ్చిన జనం వందమంది. ఎవరు చెప్పారో తెలియదు, పెద్ద సావుకారి బండి మీద గిన్నెలు పంపాడు. దినాలు అయ్యేవరకు ఒక్కరూ వచ్చి అడగలేదు. ఆమె వాటిని చింతపండుతో, బూడిదతో మొహం కనబడేలా తోమి వెనక తలుపు దగ్గర పెట్టి వెళ్ళబోతుంటే, రంగనాయకులు పిలిచి, "రేపట్నుంచి మిగతావి గూడ గిట్లనే తోమవ్వా," అన్నాడు. అలా చేరింది.

"ఆ పదకొండు దినాల్ల ఎవరన్న వచ్చి గిన్నె ఎప్పుడిస్తవని అడిగుంటే, బావిల దూకుతుంటి," అంది.

ఆ మూడిండ్లు ఎక్కడో చెప్పమని నేను అడగలేదు. అడిగినా చెప్పదు. కానీ దేవసూగూరులో పెళ్ళి సాయంత్రమే. రెండు డేగిసాలు తక్కువ. ఆ మాట చెప్పాను.

"ఏం టైమయింది?" అంది.

"పదకొండున్నర."

"చిక్కసూగూరుల గృహప్రవేశం. ఒంటిగంటకు ఆఖరి బంతి. ఆడ మూడున్నయి. దేవసూగూరు పోయే తొవ్వలనే గద."

"కంప్యూటర్ల అవి రేపొస్తయని ఉన్నది అవ్వా."

"రేపు ఈడికొస్తయి. ఇయ్యాల సాయంత్రం ఇంకో ఇంట్ల ఉడికితే కంప్యూటర్‌కు కడుపునొప్పా?"

పెనం దింపి, పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుంది. తర్వాత తెలిసింది, పెళ్ళిళ్ళ రోజుల్లో సామాను సగం అలాగే తిరుగుతుంది. ఒక ఇంట్లో బంతి లేవగానే ఇంకో ఇంటికి. గోదాము మొహం వారానికొకసారి చూస్తుంది. నా బొమ్మలో ఆ దారి లేదు.

ఆటోలో దుకాణానికి వచ్చాక, నింగమ్మ టెంపోలో శ్రీరాములు గారి పక్కన ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ఆరు డేగిసాల మధ్య కూర్చుని, ప్రతి గుంతకూ ఒకదానికి తల కొట్టుకుంటూ వెళ్ళాను. చిక్కసూగూరులో ఒకటే ఖాళీ అయింది, మిగతా రెండింట్లో ఇంకా సాంబారు ఉంది. ఇంటి యజమాని, రాత్రికి చుట్టాలకు కావాలన్నాడు. "బకెట్లల్ల పోసుకో నాయనా. సాంబారు నీదే, నేను గిన్నెనే తీసుకపోతున్న," అని ఒకదాన్ని ఆమే వంచేసింది. ఇసుకతో తోమించి, రెండున్నరకు బయల్దేరి, మూడింటికల్లా దేవసూగూరు చేరాం. శ్రీరాములు గారు ఆమెను పెళ్ళివారి కుర్చీలో కూర్చోబెట్టి, "ముందు మీరు తినాలండీ," అన్నారు. ఆమె తిన్నది. వంటశాలలోకి వెళ్ళి జల్లిగంటెలు లెక్కపెట్టి వచ్చింది.

మహాంతేశ్ క్షమాపణ చెప్పలేదు. మర్నాడు మాత్రం, "బొమ్మ సరిచేసే దాక వారం దినాలు రా అవ్వా. తర్వాత సూద్దాం," అన్నాడు. తర్వాత చూద్దాం అంటే తర్వాత వద్దు అని. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె వచ్చింది.

ఈసారి నేను గోదాములోపలే కూర్చున్నాను, బొద్దింకల మధ్య. ఒక గిన్నె ఎన్నో ఇళ్ళకు పోతుంది. ఒక ఇల్లు ఎన్నో గిన్నెలు తీసుకుంటుంది. అటూ ఇటూ కాకికాళ్ళే. అలాంటప్పుడు రెండు డబ్బాల మధ్య మూడోది పెట్టాలని మాకు నేర్పిస్తారు. దానికి 'పంపకం' అని పేరు పెట్టాను. గిన్నె గోదామునుంచి కదిలినా, ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి కదిలినా అది ఒక పంపకం. అందులో ఇంటి పేరు ఖాళీగా ఉండవచ్చు. తిరిగొచ్చే తేదీ ఖాళీగా ఉండవచ్చు. ఒక్కటి మాత్రం ఖాళీగా ఉండడానికి వీల్లేదు, పంపినవారి పేరు. అది లేకపోతే ప్రోగ్రాము ముందుకు కదలదు. మేఘకు అలాగే చెప్పాను. ఆ పేర్ల పట్టికలో ఒకే పేరు పెట్టమనీ చెప్పాను. మేఘ ఫోనులో పడీపడీ నవ్వి, అలాగే పెట్టింది.

మహాంతేశ్ చూసి ఎగిరిపడ్డాడు. "పేరు లేని ఇంటికి, తేదీ లేకుండ సామాను పంపుతరా? ఇదేం ధందా?"

"మీ నాయన ధందా అన్నా," అన్నాను.

"పంపేటోళ్ళల్ల నింగవ్వ ఒక్కతే ఎందుకున్నది? నా పేరు గూడ పెట్టు."

నేను నింగమ్మ వైపు చూశాను. ఆమె ఆకుకు సున్నం రాస్తున్నది. "పెట్టవే బిడ్డా. తలుపుకాడ నిలబడ్డోని మొకం సూసి ఏం కావాల్నో ఆయనకు ఎర్కయితే పెట్టు," అంది. మహాంతేశ్ విసురుగా ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. వారం కాగానే తన పేరు తనే పెట్టించుకుంటానన్నాడు.

ఆ వారంలో రెండు డేగిసాలు వాటంతట అవే వచ్చాయి. పొద్దున తలుపు తీస్తే వెనక మెట్టు మీద బోర్లించి ఉన్నాయి. రెండిళ్ళవాళ్ళూ తోమి మరీ తెచ్చారు. మూడోది వచ్చిన రోజు తలుపు తీసింది మహాంతేశ్. వంగి దాని అడుగు వేలితో రాసి చూశాడు, మసి అంటలేదు. తర్వాత లోపలికొచ్చాడు.

"అవ్వా, నేను ఆ మాట అనకపోయేదుండె."

"ఏ మాట నాయనా?"

"అదే... ఆ దినం అన్న మాట."

"శానా మాటలంటవు. ఏది?"

ఆమె వదల్లేదు. చివరికి, "దొంగ అన్నది," అని గట్టిగా, నా ముందూ ఇద్దరు హమాలీల ముందూ అనవలసివచ్చింది. "ఓ, అదా," అంది నింగమ్మ, అప్పుడే గుర్తొచ్చినట్టు.

వారం ఆఖరి రోజు మధ్యాహ్నం. నింగమ్మ తాళాల గుత్తి మళ్ళీ బల్ల మీద పెట్టి, తన సంచి సర్దుకుంటున్నది. వెనక తలుపు దగ్గర ఒకాయన వచ్చి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు, కాళ్ళకు చెప్పులు లేవు. మహాంతేశ్ కంప్యూటరు ముందునుంచే, "రాండ్రి. ఏ ఊరు? ఏం ఫంక్షన్?" అన్నాడు.

ఆయన జవాబివ్వలేదు. తల దించుకున్నాడు. నేను నింగమ్మ వైపు చూశాను. ఆమె కదలలేదు. సంచి మూతి కట్టుకుంటూ మహాంతేశునే చూస్తున్నది.

మహాంతేశ్ ఆయన కాళ్ళు చూశాడు. నోరు మూసుకున్నాడు. లేచి గోదాములోకి వెళ్ళి, ఒక హమాలీని పిలిచి, డేగిసాకు ఒకవైపు తనే చెయ్యి వేశాడు. గంగాళం, జంఖానా కూడా తనే తెచ్చి బయట ఆటోలో పెట్టాడు. ఆయన చేతులు జోడించాడు. మహాంతేశ్ కూడా జోడించాడు.

వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంటి పేరు అడిగింది. ఖాళీగా వదిలేశాడు. తేదీ అడిగింది. వదిలేశాడు. పంపినవారి పేరు దగ్గర ప్రోగ్రాము ఆగిపోయింది. పట్టిక తెరిస్తే ఒకటే పేరు. దాని మీద నొక్కి, తాళాల గుత్తిని బల్ల మీదినుంచి నింగమ్మ వైపు జరిపాడు.

"అవ్వా, ఇందుల నా పేరు గూడ ఎక్కాలె. నువ్వు నేర్పితేనే ఎక్కించుకుంట. అప్పటిదాక రోజూ రావాలె."

నింగమ్మ అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"నీకా? నీ తెలివికి పదేండ్లు పడ్తది."

"పడనియ్," అన్నాడు మహాంతేశ్.

ఆమె సంచి మూతి విప్పి, ఆకుల డబ్బా తీసి, గోదాములో తన పీట మీద కూర్చుంది.